నూట ఇరవై ఒక్క డిగ్రీల లెక్క

బెంగళూరులో నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి. ఊరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. నెత్తిన ఉన్న గాలి బరువు విశాఖలోనో మంగళూరులోనో ఉన్నంత ఉండదు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ కాపురం పెట్టినవాళ్ళు మూత లేని గిన్నెలో పప్పు తొందరగా ఉడకదని గమనిస్తారు, కుక్కర్ పెట్టుకుని ఆ సంగతి మరచిపోతారు. వంటింట్లో మరచిపోయినా పెద్ద నష్టం లేదు. ఆహారాన్ని డబ్బాలోనో సంచిలోనో మూసి, ఏడాదీ రెండేళ్ళూ పాడవకుండా నిలవ ఉంచే ఫ్యాక్టరీలో మాత్రం ఆ మూడు డిగ్రీల తేడా వెనకున్న కారణం మరచిపోకూడదు.

అలాంటి ఫ్యాక్టరీకి గుండెకాయ రిటార్టు. మనిషి లోపల నిలబడగలిగేంత పెద్ద ఇనుప పీపా అది. మూసిన డబ్బాలను బుట్టల్లో పేర్చి లోపలికి తోస్తారు, తలుపు బిగిస్తారు, బాయిలర్ నుంచి ఆవిరి వదులుతారు. లోపలి వేడిని 121 డిగ్రీలకు తీసుకెళ్ళి, లెక్క ప్రకారం అక్కడ నిలబెట్టి, ఆ తర్వాత నీళ్ళతో చల్లారుస్తారు. మంగళూరు తీరాన కవళ్ళూ కానాగుర్తలూ డబ్బాకెక్కినా, బెంగళూరులో బిసిబేళె బాత్ సంచికెక్కినా పని ఇదే.

మంగళూరులో రిటార్టు నడిపి చెయ్యి తిరిగిన ఆపరేటరు ఒకాయన బెంగళూరు ఫ్యాక్టరీలో చేరాడనుకుందాం. మంగళూరులో పీడనం చూపే గేజి ముల్లు 1.04 బార్ దగ్గర నిలిస్తే లోపల 121 డిగ్రీలు ఉన్నట్టే. ఆ అలవాటుతో ఇక్కడా ముల్లును అక్కడే నిలిపాడు. గేజి చూపించేది బయటి గాలికంటే లోపల ఎంత ఎక్కువ పీడనం ఉందో అంతే. బెంగళూరులో బయటి గాలి పీడనమే దాదాపు 0.91 బార్. రెండూ కలిపితే 1.95 బార్; ఆ పీడనంలో ఆవిరి వేడి 119 డిగ్రీలు దాటి కాస్త, అంతే. 121 కావాలంటే ఇక్కడ ముల్లు 1.14 దాకా పోవాలి. డిగ్రీన్నర పైచిలుకు తేడాయే కదా అనిపిస్తుంది. సూక్ష్మజీవుల చావు ఆ లెక్కన సాగదు.

ఈ మొత్తం ఏర్పాటుకి కారణమైన సూక్ష్మజీవి క్లాస్ట్రిడియమ్ బొట్యులినమ్. గాలి లేనిచోట, అంటే మూసిన డబ్బాలాంటి చోటే, అది పెరిగి ప్రాణాంతకమైన విషాన్ని తయారుచేస్తుంది. దాని సిద్ధబీజాలు మరిగే నీళ్ళను గంటల తరబడి తట్టుకుంటాయి. 121 డిగ్రీల దగ్గర మాత్రం సుమారు 0.2 నిమిషాలకు ఒకసారి వాటి సంఖ్య పదో వంతుకు పడిపోతుంది. అలా పన్నెండుసార్లు పడిపోయేదాకా వేడి పెట్టాలన్నది ప్రపంచమంతా పాటించే నియమం. అంటే డబ్బా నడిమధ్యలో దాదాపు రెండున్నర నిమిషాలు. చేపల డబ్బాలకు ఇంకాస్త భరోసా కోసం దీనికి రెండు మూడు రెట్లు ఇవ్వడం మామూలే. వేడి పది డిగ్రీలు తగ్గితే చంపే వేగం పదో వంతు అవుతుంది. ఆ లెక్కన మన ఆపరేటరు పోగొట్టుకున్న డిగ్రీన్నరకు మూడో వంతు వేగం పోయినట్టే. అందుకే రిటార్టు నడిపేవాళ్ళు గేజిని నమ్మరు, థర్మామీటరునే నమ్ముతారు. చట్టమూ ఆ మాటే చెబుతుంది.

ఇంధనం పొదుపు గురించిన అధ్యాయం ఇలా సూక్ష్మజీవుల దగ్గర మొదలవడానికి కారణం ఉంది. డబ్బా చల్లటి మధ్యభాగానికి కావలసింది కొద్ది నిమిషాల వేడి, అదీ కచ్చితమైన వేడి. ఈ ఒక్క విషయంలో బేరం లేదు. తక్కిన ప్రతిదానిలోనూ ఉంది. ఏది తప్పనిసరో స్పష్టంగా తెలియనిచోట భయం లెక్క చెబుతుంది. థర్మామీటరు మీద నమ్మకం లేని ఫ్యాక్టరీ 'ఎందుకైనా మంచిది' అని మూడు డిగ్రీలు ఎక్కువా, పావుగంట ఎక్కువా పెడుతుంది. చేప ముక్క పిప్పి అవుతుంది, రోజుకు పట్టవలసిన దఫాల్లో ఒకటి తగ్గుతుంది, కట్టెలు మాత్రం అన్నీ కాలతాయి. సరిచూసిన ఒక థర్మామీటరు, డబ్బా లోపలి వేడిని నమోదు చేసే ఒక చిన్న పరికరం చేసే పొదుపు చాలా ఖరీదైన బాయిలర్‌ కూడా చేయలేదని నా నమ్మకం.

ఇక్కడే బెంగళూరుకు చెందిన ఒక మనిషిని తలుచుకోవాలి. అమూల్య కె.ఎన్. రెడ్డి 1930లో ఇదే ఊళ్ళో పుట్టారు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎలక్ట్రోకెమిస్ట్రీ ఆచార్యులుగా ఉండేవారు. 1974లో పల్లెల అవసరాలకు సైన్సును మళ్ళించే 'అస్త్ర' అనే కార్యక్రమాన్ని అక్కడ ప్రారంభించారు. తర్వాత శక్తి ప్రణాళికల మీద దృష్టి పెట్టారు. ఎన్ని మెగావాట్లు కావాలి అని మొదలుపెట్టడమే పొరపాటని ఆయన వాదన. మనుషులకు కావలసింది వెలుతురు, ఉడికిన అన్నం, పారే నీళ్ళు. ఆ పనులు ఎంత తక్కువ శక్తితో జరుగుతాయో ముందు లెక్క కట్టి, ఆ తర్వాత సరఫరా సంగతి చూడాలి అనేవారు. కర్ణాటక విద్యుత్తుకు ఇదే పద్ధతిలో సహచరులతో కలిసి 1991లో ఒక ప్రత్యామ్నాయ ప్రణాళిక వేసి, అప్పటి అధికారిక అంచనాలకంటే చాలా తక్కువ విద్యుత్తుతో రాష్ట్రం గడపవచ్చని చూపించారు. ఆయన ఫ్యాక్టరీల గురించి చెప్పినా, పొయ్యిల గురించి చెప్పినా తీరు ఒకటే: పని చివర నుంచి వెనక్కి లెక్క కట్టడం.

చేపల డబ్బాను ఆ తీరున చూద్దాం. ఒక టన్ను చేపను 25 డిగ్రీల నుంచి 121 డిగ్రీలకు వేడిచేయడానికి సుమారు 336 మెగాజౌళ్ళు కావాలి. అంటే 150 కిలోల ఆవిరి చాలు. అలాంటి ఫ్యాక్టరీలో బాయిలర్ గది పుస్తకం తెరిచి, రోజుకు ఎంత ఆవిరి పుట్టింది, ఎన్ని టన్నుల సరుకు బయటికి పోయింది అని భాగించి చూడండి. 150 కిలోలు కాదు, దానికి ఎన్నో రెట్లు వస్తుంది. మరి మిగతాదంతా ఎటు పోయింది?

ఒక దఫాకు అర టన్ను పట్టే రిటార్టు తీసుకుందాం. చేపకు అందవలసిన వేడి 168 మెగాజౌళ్ళు. రిటార్టు గోడలూ బుట్టలూ కలిపి టన్నున్నర ఇనుము ఉంటే, దాన్ని వేడెక్కించడానికే 70 మెగాజౌళ్ళు. దఫాకీ దఫాకీ నడుమ రెండు గంటలు ఖాళీగా ఉంచి, ఆ ఇనుమును చల్లారనిచ్చి మళ్ళీ వేడెక్కిస్తే ఆ 70 మళ్ళీ మళ్ళీ కట్టాల్సిందే. ఒకటి చల్లారుతుండగా పక్కదానికి తయారుగా బుట్టలు ఉంటే ఖర్చు తగ్గుతుంది. చేపలు కోసే బల్ల దగ్గరి ఆలస్యం బాయిలర్ గదిలో కట్టెలుగా కాలేది ఇలాగే.

పెద్ద ఖర్చు మరొకటుంది, అది వెంటింగ్. తలుపు బిగించగానే లోపల ఉండేది గాలి. ఆవిరితో కలిసిన గాలి దుప్పటిలా డబ్బాలను చుట్టుకుని వేడి చేరనివ్వదు. గేజి మాత్రం సరైన పీడనమే చూపుతుంది. అందుకని మొదటి అయిదు పది నిమిషాలు పైనున్న వాల్వులు బార్లా తెరిచి, ఆవిరిని జోరుగా పంపి గాలిని ఊదేస్తారు. ఈ కొద్ది నిమిషాల్లో పోయే ఆవిరి, ఆ తర్వాత గంటసేపు వేడి నిలిపేందుకు పట్టే ఆవిరికంటే ఎక్కువగానే ఉంటుంది. దీన్ని తగ్గించబోయి వాల్వులు ముందే మూసేసే ప్రబుద్ధులున్నారు. అది పొదుపు కాదు, ప్రాణాలతో చెలగాటం. పూర్తిగా ఎన్ని నిమిషాలకు గాలి పోతుందో, బుట్టలు ఎలా పేరిస్తే ఆవిరి బాగా తిరుగుతుందో ఒకసారి కొలిచి నిర్ణయించుకోవడమే మార్గం. ఆవిరికి బదులు వేడినీళ్ళను జల్లుగా కురిపించే కొత్త తరహా రిటార్టుల్లో ఈ ఊదుడే ఉండదు. అవే నీళ్ళు మళ్ళీ మళ్ళీ తిరుగుతాయి. కొత్తగా పెట్టుబడి పెట్టేవాళ్ళు మొదట అడగవలసింది వీటి గురించే.

పని పూర్తయ్యాక చల్లార్చడం. అర టన్ను చేప 121 నుంచి 40 డిగ్రీలకు దిగేటప్పుడు వదిలే వేడి సుమారు 140 మెగాజౌళ్ళు. వెయ్యి లీటర్ల నీళ్ళను 28 డిగ్రీల నుంచి 60కి తేగల వేడి అది. చాలా చోట్ల ఈ నీళ్ళు నేరుగా కాలవలోకి పోతాయి. పది అడుగుల అవతల బాయిలర్‌కి చల్లటి నీళ్ళు ఎక్కుతూ ఉంటాయి! బాయిలర్‌లోకి పోయే నీళ్ళు ఆరు డిగ్రీలు వేడెక్కితే ఇంధనం ఒక శాతం తగ్గుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ శిక్షణ పుస్తకాలు చెబుతాయి. 30 డిగ్రీల నీళ్ళను 60 డిగ్రీలు చేసి పంపితే అయిదు శాతం. ఇందులో ఒక మెలిక ఉంది. రిటార్టులో పుట్టిన నీళ్ళకు చేప నూనె అంటుతుంది; చల్లార్చే నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, ఉండాలి కూడా, ఎందుకంటే చల్లారేటప్పుడు డబ్బా అతుకులు కంటికి కనిపించనంతగా పీల్చుకుంటాయి. ఈ నీళ్ళను తిన్నగా బాయిలర్‌లో పోస్తే గొట్టాలు పాడవుతాయి. మధ్యలో హీట్ ఎక్స్‌చేంజర్ పెట్టి వేడిని మాత్రం బదలాయించాలి. ఆవిరి పెనాల వంటి మూసిన చోట్ల నుంచి వచ్చే కండెన్సేట్‌కి, అంటే ఆవిరి తిరిగి నీరైనదానికి, ఈ బెడద లేదు. ఆవిరిలోని వేడిలో దాదాపు అయిదో వంతు అందులోనే ఉంటుంది, నేరుగా బాయిలర్‌కి తిప్పి పంపేయవచ్చు.

పైపుల దగ్గరికి వద్దాం. ఏడు బార్ల ఆవిరి గొట్టానికి మూడు మిల్లీమీటర్ల చిల్లు పడిందనుకోండి. అగ్గిపుల్ల మందం కంటే కాస్త పెద్దది. గంటకు పాతిక కిలోలకు పైగా ఆవిరి అందులోంచి పోతుంది. రోజుకు పదహారు గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు నడిచే చోట ఇది నూట ఇరవై టన్నుల ఆవిరి. కట్టెల్లో చెబితే ముప్పై టన్నులకు పైమాటే. ఆ చిల్లు సుయ్యిమని అరుస్తూనే ఉంటుంది, ఆ చప్పుడు మూడో రోజుకి అందరికీ అలవాటవుతుంది. గొట్టాల్లో చేరిన నీళ్ళను వదిలి ఆవిరిని ఆపే స్టీమ్ ట్రాపులది ఇంకా ఘోరం: తెరుచుకుని ఇరుక్కున్న ట్రాపు చప్పుడు కూడా చేయదు.

ఈ పొదుపులన్నీ ఫ్యాక్టరీ నిండుగా నడిచేటప్పటి సంగతి. చేపల పరిశ్రమ అలా నడవదు. పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా మరపడవల వేట నిషేధం. తూర్పున ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. వేట ఉన్న నెలల్లోనూ సముద్రం మాట ఇవ్వదు. కేరళ తీరంలో నూనె కవళ్ళు 2012లో నాలుగు లక్షల టన్నులకు కాస్త అటూ ఇటూగా పడితే, 2021లో మూడున్నర వేల టన్నులు కూడా రాలేదు. రోజుకు పది టన్నుల ఆవిరి కోసం పెట్టిన బాయిలర్‌ను రెండు టన్నుల కోసం వెలిగిస్తే దాని గోడలూ పొగగొట్టమూ తినే వేడి మాత్రం తగ్గదు. పెద్దది ఒకటి పెట్టే బదులు చిన్నవి రెండు పెట్టుకుని, చేప తక్కువగా వచ్చిన రోజు ఒకదాన్నే వెలిగించడం తీరప్రాంతాలకు సరిపడే పద్ధతి.

తెలుగునాట ఈ కథ వేరేగా ఉంటుంది. మన తీరంలో, గోదావరి జిల్లాల చెరువుల్లో పండే రొయ్యలు డబ్బాలకెక్కవు, గడ్డకట్టి విదేశాలకు పోతాయి. అక్కడ ఖర్చు బాయిలర్‌ది కాదు, అమ్మోనియా కంప్రెసర్‌ది. గడ్డకట్టించిన సరుకు మైనస్ 18 డిగ్రీల దగ్గర, ఫ్యాక్టరీ నుంచి కొనేవాళ్ళ వంటింటి దాకా, రోజూ కరెంటు తాగుతూనే ఉంటుంది. డబ్బా చేప ఒక్కసారి వేడి తిని, రెండేళ్ళు అటక మీద ఊరికే కూర్చుంటుంది. అయినా కోల్డ్ స్టోరేజీల్లోనూ నేర్చుకోదగినది ఇదే: అవసరాన్ని కచ్చితంగా తెలుసుకోవడం. శీతల యంత్రంలో ఆవిరయ్యే అమ్మోనియాను ఒక డిగ్రీ పైన ఉంచగలిగితే దాదాపు మూడు శాతం కరెంటు మిగులుతుంది. గొట్టాలకు పట్టిన మంచు దట్టమయ్యేదాకా వదిలేసినవాళ్ళు ఆ డిగ్రీలను ఒక్కొక్కటిగా పోగొట్టుకుంటున్నారు. భీమవరం చుట్టుపక్కల ఐస్ ఫ్యాక్టరీలను బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చిన్న పరిశ్రమల పొదుపు పథకంలోకి తీసుకున్నది ఇలాంటి లెక్కల కోసమే.

కర్బనం మాటకొస్తే, బాయిలర్ మీద ఇంతసేపు చూపు నిలిపినా, డబ్బా చేప విషయంలో పెద్ద బరువు దాని చేతుల్లో లేదు. రెండు వందల గ్రాముల చేపను మోసే తగరం పూసిన ఉక్కు డబ్బా దాదాపు నలభై గ్రాములు తూగుతుంది. ఇనుప ఖనిజం నుంచి కిలో ఉక్కు తీసేసరికి రెండు కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పలచగా సాగదీసి, తగరం పూసి, డబ్బాగా మలిచేసరికి ఇంకాస్త. ఒక డబ్బాకు వంద గ్రాములు అనుకోండి. అదే చేపను వండడానికి, పై లెక్కలో చెప్పినదానికి అయిదు రెట్ల వేడి వృథా చేస్తూ ఫర్నేస్ ఆయిల్ కాల్చినా ముప్పై గ్రాములు మించదు. స్పెయిన్‌లోని గలీసియా తీరపు ట్యూనా ఫ్యాక్టరీలను పరిశీలించిన శాస్త్రవేత్తలకు కనిపించిందీ ఇదే: డబ్బా రేకే పెద్ద భారం. అల్యూమినియం డబ్బాల లెక్క ఇంకా బరువు. అయితే పాత అల్యూమినియాన్ని కరిగించి మళ్ళీ వాడితే కొత్తదానికి పట్టే శక్తిలో తొంభై అయిదు శాతం మిగులుతుంది. కాబట్టి కేనింగ్ ఫ్యాక్టరీ యజమాని నిజంగా కర్బనం తగ్గించాలనుకుంటే, బాయిలర్ మనిషితో పాటు డబ్బాలు కొనే మనిషినీ పిలిచి కూర్చోబెట్టాలి. రేకు మందం పదో వంతు తగ్గించడం, పాత ఉక్కుతో చేసిన రేకు కొనడం ఆయన పని.

ఇంకో దారి డబ్బానే వదిలేయడం. ఆ దారి కర్ణాటకలోనే తెరుచుకుంది. సైనికుల ఆహారం కోసం 1961లో మైసూరులో పెట్టిన డిఫెన్స్ ఫుడ్ రిసెర్చ్ లాబొరేటరీ, ప్లాస్టిక్ పొరల నడుమ అల్యూమినియం రేకు ఉండే రిటార్ట్ సంచుల్లో మన వంటకాలను నిలవ చేసే పద్ధతిని అభివృద్ధి చేసింది. దాన్ని అందుకుని బెంగళూరు ఎం.టి.ఆర్. సంస్థ తినడానికి సిద్ధంగా ఉండే కూరలు అమ్మడం మొదలుపెట్టింది. 1924లో చిన్న హోటల్‌గా మొదలైన పేరది. చేపల కూరను అలాంటి సంచుల్లో పెట్టే పని కొచ్చిలోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిషరీస్ టెక్నాలజీ చేసి చూపింది. సంచి పలచగా ఉంటుంది కాబట్టి మధ్యభాగానికి వేడి త్వరగా చేరుతుంది. ముద్దగా, ముక్కలుగా ఉండే ఆహారంలో వేడి చేరే సమయం మందం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. మందం సగమైతే సమయం నాలుగో వంతు. బరువు డబ్బాలో పిసరంత. చేప రుచీ మెరుగ్గా నిలుస్తుంది. ఇన్ని గుణాలున్నా ఒక లోపం దాచకూడదు. ఒకదానికొకటి అంటించిన ఆ పొరలను విడదీయడం దాదాపు అసాధ్యం. ఖాళీ డబ్బాను పాత సామాన్ల వాడు కొనుక్కుపోతాడు, ఖాళీ సంచి కాలవలోనో చెత్త గుట్ట మీదో తేలుతుంది. ఇనుప డబ్బాలన్నీ తిరిగి కొలిమికి చేరే ఊళ్ళో డబ్బాయే మేలు, అలా చేరని చోట సంచి మేలు అని నాకు అనిపిస్తుంది. ఊరి చెత్త ఎటు పోతుందో చూడకుండా ప్యాకింగ్ ఎంచుకోవడం సగం లెక్కతో సరిపెట్టుకోవడమే.

చివరగా ఇంధనం. బొగ్గుకు బదులు జీడిపిక్కల పొట్టు, వరి ఊక, కట్టెలు కాలిస్తే కర్బనం లేదని రాసుకోవడం సులువు. ఊకకు అది చాలావరకు నిజం. అడవి నుంచి వచ్చిన కట్టె తిరిగి మొలిచేదాకా నిజం కాదు. కరెంటుతో నడిచే బాయిలర్ పెట్టేస్తే శుభ్రం అనుకునేవాళ్ళు మన గ్రిడ్‌ను గుర్తుంచుకోవాలి. దేశంలో సగటున ఒక యూనిట్ కరెంటుకి 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. నూనె కాల్చి పుట్టించే వేడికంటే, హీటర్ కడ్డీతో పుట్టించే వేడికి ఇవాళ దాదాపు రెట్టింపు కర్బనం. అదే కరెంటుతో హీట్ పంపు నడిపి, పోయే వేడినే పైకెత్తి, ఒక యూనిట్‌కు మూడు యూనిట్ల వేడి రాబడితే లెక్క తిరగబడి, నూనెకంటే మూడో వంతు తక్కువ అవుతుంది. చల్లార్చిన నీళ్ళ 60 డిగ్రీల వేడి ఆ పంపుకి సరైన మేత. పావగడలో తెలుగు పల్లెల నడుమ పరుచుకున్న 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వంటివి పెరిగేకొద్దీ పగటి కరెంటు కర్బనం ఇంకా తగ్గుతుంది. పగలు వేడినీళ్ళు కాచి ట్యాంకులో దాచి, సాయంత్రం వేటకెళ్ళిన పడవలు తెల్లవారి తెచ్చే చేపకు వాడుకోవచ్చు. డబ్బాలు కడగడానికి, బాయిలర్ నీళ్ళు ముందుగా కాచడానికి 60, 70 డిగ్రీలు చాలు. బెంగళూరు మేడల మీద స్నానం నీళ్ళు కాచే సోలార్ పలకలు రోజూ అందిస్తున్న వేడి అదే. ఫ్యాక్టరీ కప్పు వాటికంటే విశాలం, దాని మీద ఎండ కూడా అంతే ఉచితం. 121 డిగ్రీలకు మాత్రమే నిప్పు రాజేసి, అంతకు తక్కువ వేడినంతా ఎండకూ, మిగిలిపోయిన నీళ్ళకూ అప్పగించిన ఫ్యాక్టరీ తన కట్టెల లారీలను తగ్గించుకోగలదు.